చివరి వరుసలో డోనల్

...అని ఎన్నిసార్లు చెప్పానో ఈ రాళ్ల గురించి, ఎడమవైపు చూడండి, దీన్నే బర్రెన్ అంటారు, చెట్టూ చేమా లేని నేల, అని మైకులో నా గొంతు దానంతటదే చెప్పుకుపోతోంది, నలభై రెండు తలలూ ఎడమవైపు తిరిగాయి, అమెరికావాళ్లు చూడమంటే చూస్తారు, పాపం మంచివాళ్లు, మధ్యాహ్నం గాల్వేలో చేపల భోజనం, రేపు బెల్‌ఫాస్ట్, ఎల్లుండి ఓడెక్కి స్కాట్లండ్, ఎడిన్‌బరో కోట, అక్కడి వాన మన ఐర్లండ్ వానకి మేనత్త కూతురండీ అంటే నవ్వుతారు, మా ఆయన డోనల్ అయితే నేను ఆ మాట అనకముందే స్టీరింగు మీద చరిచి నవ్వేవాడు, ఇరవై ఏళ్లు ఆయన నడిపాడు, నేను మాట్లాడాను, ఇప్పుడు స్టీరింగు దగ్గర మలకీ, మా ఆయన చివరి వరుసలో, కంపెనీకి తెలియకుండా, రోజూ ఆయన్ని కనిపెట్టుకుని ఉండే పక్కింటి బ్రీడాకి జ్వరం, నేనేం చెయ్యను, ఇంట్లో వదిలితే పొయ్యి వెలిగించి మరిచిపోతాడు, తన పేరు కూడా ఒక్కోరోజు గుర్తుండదు, ఎన్నిస్‌లోని వృద్ధాశ్రమంలో చోటుందని రెండుసార్లు కబురొచ్చింది, నేను బతికుండగా నా మొగుణ్ణి ఎవరి చేతుల్లోనో పెడతానా అన్నాను, అందుకే ఇలా బస్సులో వేసుకుని తిరుగుతున్నాను, టోపీ పెట్టుకుని కిటికీ పక్కన కుదురుగానే కూర్చుంటాడు, అదిగో, టోపీ, టోపీ ఏదీ?

టోపీ లేదు, మనిషి లేడు, మైకు పడేసి సీట్లు పట్టుకుంటూ వెనక్కి నడిచాను, ఒరిగి నిద్రపోతున్నాడేమో, కింద పడ్డాడేమో, సీటు మీద నేను కప్పిన ఉన్ని దుప్పటి ఒక్కటే ఉంది, ఇందాక మోహర్ కొండ అంచు దగ్గర అందరితోపాటు దించాను, బస్సు పక్కన నిలబెట్టి ఇక్కడే ఉండు అన్నాను, ఇంతలో ఒకావిడ కాలు బెణికిందని పిలిస్తే వెళ్లాను, వచ్చి లెక్కపెట్టాను, నలభై రెండు, సరిపోయింది, పద మలకీ అన్నాను, సరిపోదా మరి, నా లెక్కలో ఆయన ఎప్పుడున్నాడు గనక, టిక్కెట్టు ఉన్నవాళ్లనే లెక్కపెట్టే అలవాటు, చివరి వరుస దాకా కళ్లు పోనేలేదు, దేవుడా, ఆ అంచు, కింద ఏడువందల అడుగుల లోతున సముద్రం, ఆయనకి గాలంటే ఇష్టం, గాలి ఎటు వీస్తే అటు నడుస్తాడు.

మలకీ బస్సు తిప్పు, అన్నాను, ఏమైంది నోరీన్, డోనల్ లేడు, లేడంటే, కొండ దగ్గరే వదిలేశామయ్యా, తిప్పు, ఇక్కడెక్కడ తిప్పను తల్లీ, ఈ మెలికల్లో గాడిద కూడా వెనక్కి తిరగలేదు, కిందికి బాలీవాన్ ఊరి దాకా పోవాల్సిందే, అంటే ఆయనకి ఇంకా దూరంగా పోవాలి, ఒక్కో మలుపూ నన్ను లాక్కుపోతోంది, ఫోనుకి సిగ్నల్ లేదు, అన్నీ రాళ్లే, మేరీ మాతా, ఆయన్ని ఆ కొండంచు గోడకి ఇవతలే ఉంచు తల్లీ, ముందు వరుసలో పెద్దమనిషి గాల్వేలో భోజనం ఆలస్యమవుతుందాండీ అంటున్నాడు, అవుతుంది, మా ఆయన్ని మరిచిపోయి వచ్చాను, అన్నాను, పడేసిన మైకు తీసుకుని అందులోనే అన్నాను, కాలు బెణికినావిడ, అయితే ఇంకా కబుర్లేంటయ్యా, గట్టిగా తొక్కు, అని మలకీ మీద అరిచింది, ఊళ్లో పబ్బు ముందు బస్సు తిరిగింది, ఉద్యోగం పోతుంది, పోతే పోనీ, ఆయన దొరికితే చాలు, దొరకకపోతే, అక్కడితో నా బుర్ర ఆగిపోతోంది, మళ్లీ ఆ ఖాళీ సీటు దగ్గరికే పోతోంది, ఆ సీటు చూసిన మొదటి క్షణం, భయం కంటే ముందు, రెప్పపాటు, హమ్మయ్య అనిపించింది, భుజం మీద బరువు ఎవరో దించినట్టు, ఛీ, నేనేనా, నేనే, ఆ హమ్మయ్యకి దేవుడు నా గూబ పగలగొడతాడు, ఆయన్ని తీసుకుపోయి మరీ పగలగొడతాడు, మలకీ, ఇంకొంచెం తొందరగా.

ఉన్నాడు, ఉన్నాడు, బస్సులు నిలిపే చోట, మేము వదిలి వెళ్లిన ఆ జాగాలోనే, రెండు చేతులూ బార చాపి నిలబడి ఇంకో బస్సుని రానివ్వడం లేదు, ఆ డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు, జరుగయ్యా పెద్దాయనా, నీ అబ్బ సొత్తా అంటున్నాడు, ఈయన జరగడు, మా పాత డ్రైవర్లంతా అంతే, మనవాళ్ల బస్సు వచ్చేదాకా ఒళ్లడ్డం పెట్టయినా చోటు ఆపుతారు, ముక్కు కారుతోంది, పెదవులు నీలంగా మారాయి, పరిగెత్తి వెళ్లి చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని, పక్కకి జరగమ్మా, బస్సు తగులుతుంది, ఇది మా ఆవిడ బస్సుకి చోటు, అన్నాడు, ఆవిడ వెళ్లిపోయిందేమో కదండీ, అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు, ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి నవ్వాడు, ఎవరూ, నోరీనా, నన్ను వదిలేసి పోతుందా, భలేదానివమ్మా, అన్నాడు, మంచుగడ్డల్లాంటి ఆ వేళ్లని నా కోటు లోపల దాచుకుని నిలబడ్డాను, బస్సు కిటికీల నిండా మొహాలు, చూడనీ, నోరీన్ ఆయన్ని వదిలేసింది, వదిలి హమ్మయ్య అనుకుంది, ఈయన నాకు ప్రాణం, అది నిజమే, కానీ ఈయన్ని చూసుకోవడం ఇక నా ఒక్కదాని వల్ల కాదు.