మంద పెట్టిన వైపు

నాగనాథ్‌ను భయపెట్టినవి రెండు అంకెలు. పామును చూసి భయపడ్డానంటే నలుగురికీ చెప్పుకోవచ్చు. లెక్కల పుస్తకంలో తొమ్మిదో వరుసలో ఒక మైనస్ అయిదు, పదో వరుసలో ఇంకో మైనస్ అయిదు కనిపించి భయమేసిందంటే నాందేడ్‌లో ఎవరు నమ్ముతారు? అందుకే ఎవరికీ చెప్పలేదు. పుస్తకం మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు. అంకెలు అక్కడే ఉన్నాయి.

అది పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, జూన్ మొదటి వారం. ఊరి బయట జొన్న పరిశోధన క్షేత్రంలో అతను లెక్కల అసిస్టెంటు. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. కిందటి వానాకాలం కొత్త జొన్న విత్తనాన్ని పాత విత్తనం పక్కన వేసి చూశారు. కొత్తది గెలిచిందని తేల్చినవాడు నాగనాథే. ఆ మాట మీదనే ఇప్పుడు గోదాములో సంచులు కప్పు దాకా పేరుకుని ఉన్నాయి. ఉమ్రికీ నాయ్‌గావ్‌కూ పోయే లారీలు మధ్యాహ్నం రెండింటికి వస్తాయి. రెండు రోజుల్లో మిరుగు, అంటే మృగశిర కార్తె. తొలి వాన పడిందా, ఆ విత్తనం నేలలోకి పోతుంది. నేలలోకి పోయినదాన్ని వెనక్కి తీసే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

అతని భయం అర్థం కావాలంటే ఆ పోటీ ఎలా జరిగిందో చెప్పాలి. పొలం మధ్యలో నిలువునా ఒక గట్టు. గట్టుకు తూర్పున పది మళ్ళు, పడమర పది మళ్ళు. ఎదురెదురుగా ఉన్న రెండు మళ్ళూ ఒక జత. జతలో ఒక మడికి కొత్త విత్తనం, రెండోదానికి పాతది. ఏది ఎటు వేయాలో మనిషి తేల్చకూడదు, మనిషికి ఆశ ఉంటుంది. అందుకని నాగనాథ్ బిస్కెట్ల డబ్బాలో చిట్టీలు వేసి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీశాడు. చిట్టీ చెప్పినట్టు ప్రతి మడి ముందూ నంబరు రాసిన గూటం పాతించాడు. విత్తడం, కోయడం, తూచడం అంతా ఆ గూటం చూసే.

కోతలయ్యాక జత జతకూ తేడా తీశాడు. ఇరవై మళ్ళనూ రెండు గుంపులు చేసి సగటుతో సగటును పోల్చే పరీక్ష కూడా ఉంది. కానీ పొలం ఎగువ నేల వేరు, వాగు వైపు నేల వేరు. అన్నీ కలిపేస్తే నేల తేడా విత్తనం తేడాను మింగేస్తుంది. జతల పరీక్షే సరైనదని, క్షేత్రానికి పెద్ద అయిన శంకర్రావు సారుతో రెండు రోజులు వాదించి మరీ ఒప్పించాడు. ఆ సంగతి తలుచుకుని తనలో తాను చాలాసార్లు మురిసిపోయాడు కూడా.

ఎనిమిది జతల్లో కొత్త విత్తనం నాలుగు నుంచి ఏడు కిలోలు ఎక్కువ ఇచ్చింది. వాగు పక్కనున్న చివరి రెండు జతల్లో అయిదేసి కిలోలు తక్కువ ఇచ్చింది. చేత్తో తిప్పే లెక్కల మిషనును తిప్పగా తిప్పగా 2.29 వచ్చింది. పట్టికలో దాటవలసిన గీత 2.26. గీత దాటితే, ఇంత తేడా ఉత్త యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి కన్నా తక్కువని అర్థం. వెంట్రుకవాసిలో దాటింది. దాటింది కదా అని నాగనాథ్ అంకె పక్కన, తేలిందన్న గుర్తుగా, ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్క పై ఆఫీసుకు పోయి, అక్కడినుంచి అచ్చు ఆఫీసుకు పోయి, కరపత్రం మీద ‘రుజువైన విత్తనం’ అయి తిరిగొచ్చింది. చుక్క కింద చిన్నగా రాసిన ‘ఒక్క పొలంలో, ఒక్క వానాకాలంలో’ అన్న మాటలు మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయాయి.

ఇవాళ ఫైలుకు మంచి నకలు రాద్దామని కూర్చున్నప్పుడే అతనికి అనుమానం పుట్టింది. గెలిస్తే నాలుగు కిలోల పైన గెలుపు, ఓడితే అయిదు కిలోల ఓటమి. మధ్యలో, సున్నాకు దగ్గరగా, ఒక్క జత కూడా లేదు. విత్తనం ఇలా నడవదు. ఇది ఎవరో తక్కెడను అటూ ఇటూ తిప్పినట్టుంది. లేచి గోదాము దగ్గరికి నడిచాడు.

కూలీల మీద పెత్తనం చూసే ముకద్దం లింగన్న వసారాలో కూర్చుని దబ్బనంతో సంచుల మూతులు కుడుతున్నాడు. యాభై దాటినవాడు. సొంత భూమి లేదు. నాగనాథ్ ఉద్యోగంలో చేరిన రోజునుంచి అతన్ని కన్నకొడుకులా కనిపెట్టుకుని ఉన్నాడు.

“లింగన్నా, నిరుడు వాగు కాడి రెండు జతలు గట్లెందుకు పండినయో నీకేమన్న తెలుసా?”

లింగన్న దబ్బనం ఆపి నవ్వాడు. “తెల్వకేంది సారూ! గవి నేను ముట్టనివి.”

“ముట్టనివంటే?”

“చైత్రంల మీరంత సుట్టిల ఉంటిరి. గొల్ల నర్సన్న వచ్చి మంద పెడ్తనన్నడు. ఎరువు మంచిదే గద అని నేనే సరే అన్న. గట్టుకు తూర్పు దిక్కు నాలుగు రాత్రులు పండుకున్నయి గొర్లు. పడమటి దిక్కు తోలేలోపల మీరొచ్చిండ్రు, మంద ఎల్లిపోయింది. ఎనక మీరు డబ్బల కెల్లి చిట్టీలు దీసిండ్రు. సగం గూటాలు తప్పు దిక్కు పడ్డయి. కొత్త ఇత్తనమాయె! మొదటిసారి ఇంటికొచ్చిన సుట్టాన్ని సూరు కింద కూసోబెడ్తమా? పొద్దుగూకే యాల్ల కొత్తదాని గూటాలన్ని తూర్పుకు మార్చిన. మా ఇంటామె మైసవ్వకు జరమని కబురొస్తె, వాగు కాడియి రెండు గట్లనే ఇడిసిపెట్టి పోయిన.”

నాగనాథ్ సంచుల పక్కన చతికిలబడ్డాడు. “ఎందుకు చేసినవ్ లింగన్నా?”

“మీ ఇత్తనం ఓడిపోతె మీ నౌకరి పోతదేమో అనుకున్న సారూ.” ఆ గొంతులో రవ్వంత దొంగతనం లేదు, అంతా ప్రేమే. మేలు చేద్దామని మనిషి ఎంత చెరుపు చేయగలడో ఆ ముఖం చూస్తే తెలుస్తుంది.

తిరిగొచ్చి మిషను ముందు కూలబడ్డాడు. కొత్త, పాత అన్న పేర్లు కొట్టేసి, మంద పెట్టిన వైపు, పెట్టని వైపు అని రాశాడు. వాగు దగ్గరి రెండు జతల్లో పాత విత్తనమే మంద వైపు ఉంది. మైనస్ అయిదులు రెండూ ప్లస్ అయిదులయ్యాయి. పదికి పది జతల్లో గొర్రెల వైపే గెలిచింది. పిడి తిప్పాడు. 2.29 కాస్తా దాదాపు పద్దెనిమిది అయింది. మిషను నిరుడు ఎంత హాయిగా గరగరలాడిందో ఇవాళా అంతే హాయిగా గరగరలాడింది. దానికేం, అది ఎవరి పేరు పెడితే వాళ్ళను గెలిపిస్తుంది.

పరీక్షను సరిగ్గా ఎంచుకున్నాడు, లెక్క సరిగ్గా చేశాడు. జవాబు మాత్రం గొర్రె పెంట గురించి వచ్చింది, విత్తనం గురించి కాదు. చిట్టీలు తీసేదే, మనకు తెలియని గొర్రెలు ఒక్క విత్తనానికే కలిసిరాకుండా చూడడం కోసం. ఆ చిట్టీలను లింగన్న ఒక్క సాయంత్రంలో చెరిపేశాడు.

అప్పుడు అసలు భయం మొదలైంది. కొత్త విత్తనం పొట్టి రకం, తొందరగా కోతకొచ్చేది. ఎరువు లేని నేలలో అది కంకి వేస్తుందా? మొలకలోనే మొవ్వును ఈగ తినేస్తే తట్టుకుంటుందా? ఎవరికీ తెలియదు. గెలిచినచోటల్లా అది గొర్రెల ఎరువు మీద నిలబడే గెలిచింది. మరాఠీ, తెలుగు కలిసే ఈ సరిహద్దు పల్లెల్లో ఎన్ని చేలకు ఎరువు ఉంది? రెండేళ్ళ కిందటి కరువులో అతని తల్లి అనుసూయాబాయి రోడ్డు పని మీద కంకర కొట్టింది. ఆమె అరచేతుల పగుళ్ళు ఇంకా పూడలేదు. ఆ ఏడు కూడా పాత జొన్న కనీసం పశువులకు చొప్పయినా ఇచ్చింది. ఇప్పుడు ఆమె నాయ్‌గావ్ దగ్గరి ఆరెకరాలకూ కొడుకు చుక్క పెట్టిన విత్తనమే కావాలని సంచి కోసం ఎదురుచూస్తోంది. 

పన్నెండున్నరకు శంకర్రావు గదిలోకి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పాడు. “సార్, గా చుక్క ఇత్తనానిది గాదు, గొర్లది. లారీలు ఆపుండ్రి.”

శంకర్రావు లేచి తలుపు మూసి వచ్చాడు. “కొత్త ఇత్తనం చెడ్డదంటవా?”

“తెల్వదు సార్.”

“పాతదాని కన్న తక్కువ పండుతదా?”

“అదీ తెల్వదు. పాత ఇత్తనం మంద దిక్కు పడ్డయి రెండే జతలు. రెండు జతలతోని ఏ పరీక్షా ఏం చెప్పదు.”

“తెల్వదు, తెల్వదు! తెల్వదని లారీలెట్ల ఆపుత? పైనోళ్ళు అడిగితె ఏం జెప్పాలె? కూలోడు గూటం మార్చిండు, మేం గొర్ల పెంటకు చుక్క పెట్టినం అని జెప్పాలెనా? చెడ్డదని రుజువు తే, ఇప్పుడే ఆపుత.”

“మంచిదని రుజువు లేదు గద సార్. తేడా లేదని తేలుడు వేరు, ఏం తేలకపోవుడు వేరు.”

“గా సంగతి నీకు నాకు తెలుసు. బయట ఎవనికి తెలుసు?” శంకర్రావు చేయి బల్లమీది కాగితాలను ఊరికే సర్దుతోంది. ఆయన కూడా హడలిపోతున్నాడని నాగనాథ్‌కు అప్పుడు తెలిసింది. అధికారం చేతిలో ఉన్నవాడు భయపడితే అతని కన్నా మొండివాడు ఉండడు. “ఇగ పో. నీ నౌకరి కాయితం నా సంతకం కోసం సూస్తున్నది, యాది పెట్టుకో.”

నాగనాథ్ వచ్చేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండింటికి లారీలొచ్చాయి, మూడున్నరకు నిండి వెళ్ళిపోయాయి. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు తప్ప ఎదురుగా పోయి అడ్డం నిలవలేదు. ఆ పిరికితనం అతనికే అసహ్యం వేసింది.

నాలుగింటికి లింగన్న స్నానం చేసి, తెల్ల తలపాగా చుట్టుకుని వచ్చాడు. ముఖం పెళ్ళికి పోయేవాడిలా ఉంది.

“సారూ, నాలుగు దినాల సుట్టి గావాలె. ఉమ్రి కాడ రెండెకరాలు పాలుకు తీస్కున్న. ఇన్నేండ్లకు నాకు గూడ ఓ చేను! ఇత్తనం మొన్ననే పంపిన. తొలి తడుపుకే మైసవ్వ ఇత్తు పెడ్తది.”

“ఏ ఇత్తనం?”

“మీదే సారూ, ఇంకేది?”

నాగనాథ్ అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. “నీకేమన్న పిచ్చి లేచిందా లింగన్నా! గూటాలు మార్చింది నువ్వే గద!”

“గూటాలు మార్చింది నేనే గని, తేల్చింది మిషను గద సారూ,” అన్నాడు లింగన్న తడుముకోకుండా. “నేనేదో నా తెలివికి ఇంత సాయం జేసిన. మిషను గవన్ని సూస్కోని, కొట్టేసేది కొట్టేసి, ఖరా మాట, ఉన్న నిజం, చెప్తదనుకున్న. మీరే అంటిరి గద, మనిషికి ఆశ ఉంటది, దానికుండదని.”

ఆ మాట నిజంగా తనదే. డబ్బాలోంచి చిట్టీలు తీసిన రోజు, కూలీలందరి ముందూ గొప్పగా చెప్పిన మాట. నాగనాథ్ అతని భుజాలు వదిలేశాడు. “మిషనుకు మనం చెప్పిందే తెలుస్తది లింగన్నా. గొర్ల సంగతి నేను దానికి చెప్పలే. నాకు నువ్వు చెప్పలే.”

లింగన్న నవ్వు ఒక్కసారి పోలేదు. పెదవుల మీద కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. “అయితె ఒక్క మాట జెప్పుండ్రి. ఇత్తనం మంచిదా, చెడ్డదా?”

“తెల్వదు.”

“మీకు గూడ?”

“నాకే గాదు, ఎవ్వరికి తెల్వదు. ఇంట్ల పాత ఇత్తనం ఎంతుంది?”

“ఎక్కడిది సారూ! కొత్తదొచ్చిందని పాతది పిండి పట్టించినం.”

ఆకాశం ఉమ్రి దిక్కున నల్లబడుతోంది. లింగన్న అటు చూశాడు. ఎవరినన్నా అడుక్కుని సగం చేనుకైనా పాత గింజలు తేవాలని, మైసవ్వ చేయి ఆపాలని గొణిగి, స్టేషన్ దారి పట్టాడు. మొదట గబగబా నడిచాడు. గేటు దాటాక పరుగందుకున్నాడు. లింగన్న పరుగెత్తడం నాగనాథ్ ఏనాడూ చూడలేదు. తలపాగా విడిపోయి భుజం మీద వేలాడుతున్నా సర్దుకోవడం లేదు.

అది చూశాక నాగనాథ్ గదిలో ఉండలేకపోయాడు. రేపు పొద్దున ఉమ్రిలో లారీల్లో పోయిన సంచులు విప్పుతారు. అక్కడ నిలబడి, ఈ చుక్క పెట్టింది నేనే, ఇది తప్పు, చేనంతా దీనికే ఇవ్వకండి అని చెప్పాలి. తర్వాత నాయ్‌గావ్ పోయి అమ్మకు చెప్పాలి. ఉద్యోగం పోతుంది. ఆ భయం ఉంది, లేదనడం అబద్ధం. కానీ కంకర కొట్టిన చేతుల భయం ముందు అది నిలబడలేదు. లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని అతనూ పరుగెత్తాడు.

స్టేషన్లో లింగన్న టికెట్ల కిటికీ ముందు ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. నాగనాథ్ అతని పక్కనుంచి చేయి చాచి, “ఉమ్రికి రెండు,” అన్నాడు. లింగన్న తిరిగి చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు.

బండి ఇంకా రాలేదు. రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు టపటపమన్నాయి. “ఆలా, పావుస్ ఆలా!” అని ఎవరో, వాన వచ్చిందంటూ, మరాఠీలో కేక వేశారు. జనం గొడుగులూ మూటలూ వదిలేసి, అరచేతులు చాచి వానలోకి పోయారు. ఒక ముసలామె ఆకాశానికి దండం పెట్టింది. ఆ ప్లాట్‌ఫారం మొత్తం మీద వానను చూసి వణికినవాళ్ళు వాళ్ళిద్దరే.