గంటకు తొడిగిన సాక్సు

వార్డు గుమ్మం పక్కనున్న కుళాయి కింద మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, బాబాయ్ చేతులు గాలికి ఆరబెట్టుకుంటున్నాడు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. సన్నటి మనిషి, వదులు చొక్కా, జేబు దగ్గర ఎన్నిసార్లు ఉతికినా పోని సిరా మరక. ప్రోగ్రాం రాయడం ఆయన పని కాదు. దాన్ని వాడబోయేవాళ్లకు ఏం కావాలో అడిగి, రాసేవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ఆయన పని. జుట్టు నెరిసేదాకా చేసింది అదే.

ఈసారి పసిపిల్లల వార్డు. మంచాల దగ్గరి యంత్రాలన్నిటినీ ఒక్క తెరకు కలపాలి. ఆస్పత్రికి కావలసింది తక్కువ మందితో వార్డు నడవడం. నర్సుకు కావలసింది, ఏ మంచం పిలుస్తోందో కూర్చున్నచోటే తెలియడం. సాఫ్ట్‌వేర్ చేయవలసింది, సెలైన్ అయిపోవస్తే గంట మోగించడం. ఈ మూడూ రాసుకున్నాడు. మిగిలింది నాలుగో రకం అవసరం: ఆ పని ఎంత త్వరగా, ఎంత గట్టిగా, ఏ తీరున జరగాలన్నది. దాన్ని ఎవరూ నోరు విప్పి చెప్పరు. అడిగితే "బాగుండాలి" అంటారు. ఈ అవసరాల పట్టీ మీద సాయంత్రం సంతకాలైతే ఇక మార్పులుండవు.

ఏ మంచం యంత్రం పిలిచినా మోగే పాత కరెంటు గంట గోడకుంది, దాని దగ్గర ఆయన చూపు ఆగింది. దానికి పసిపిల్లల సాక్సు తొడిగి ఉంది.

"ఇదేంటి ఆయమ్మా?"

గంట కిందే స్టూలు వేసుకుని గుడ్డలు మడతపెడుతున్న ఆయా తలెత్తలేదు. "దానికి చలేస్తోందని తొడిగాను."

"నిజం చెప్పమ్మా."

"ఒక్క బిడ్డకని మోగుతుంది, వార్డంతా ఏడుపందుకుంటుంది. అందర్నీ నువ్వొచ్చి జోకొడతావా?"

"మరి నీకు వినపడుతుందా?"

"అందుకేగా ఇక్కడే కూలబడ్డాను."

"తీసెయ్యమ్మా, ప్రమాదం."

"నేనుండగా తీసేది లేదు." గుడ్డ ఫట్‌మని దులిపింది. "ఇవాళ్టితో నా డ్యూటీ సరి. మోకాళ్లు ఇంక మావల్ల కాదంటున్నాయి."

బాబాయ్ అటు చివరి మంచం దాకా చూశాడు. ఈమె తర్వాత వచ్చే మనిషి స్టూలు వదిలి ఆ మూలకు వెళ్తే చాలు, ఏదో ఒక బిడ్డ పిలుపు వినపడకుండా పోతుంది. కొత్త గంట ఇలాగే గట్టిగా మోగితే దానికీ ఎవరో ఒకరు సాక్సు వెతుకుతారు.

వరండాలోకి వచ్చి టీం లీడరుకు ఫోన్ చేసి, కొత్త గంట మెత్తగా మోగాలన్నాడు. ఆయన కూతురి వయసు పిల్ల.

"మెత్తగా అంటే ఎంత మెత్తగా బాబాయ్? కొలత లేకపోతే అది అవసరం కాదు, ముచ్చట."

"కొలత తెస్తానమ్మా."

"సాయంత్రంలోపే. తర్వాత నన్ను తిట్టుకోకండి."

అదే చేత్తో ఇంటికి చేశాడు. "వచ్చేటప్పుడు ఏమన్నా తేవాలా?"

"ఏం వద్దులెండి," అంది భార్య.

"సరే," అన్నాడు. వార్డులో ఎవరైనా ఆ మాటే అంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేవాడు.

మధ్యాహ్నం ఫోన్‌లో గంట చప్పుడు పెట్టి, బల్ల మీద ఉంచి, ఆయాను వార్డు చివరికి పంపాడు. సన్నగా మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాడు. ఒకచోట ఆమె తల తిప్పింది. బిడ్డలు కదల్లేదు. ఇంకాస్త పెంచేసరికి గుమ్మం దగ్గరి బిడ్డ ఏడుపుకు పెదవి వంచింది. ఆయా కుంటుకుంటూ వచ్చి దాని గుండె మీద అరచెయ్యి ఆన్చి, "చాల్లే నీ చదువు!" అని ఆయన్ను కసిరింది.

ఆ రెంటి మధ్యే కొలత. ముందు దీపం వెలగాలని, ఆ వెంటనే మెత్తటి చప్పుడు రావాలని, ఎవరూ కదలకపోతేనే అది పెరగాలని రాసి పంపాడు.

సంతకాలయ్యాయి. "మీ ముచ్చట కాస్తా అవసరమైంది బాబాయ్," అంది టీం లీడరు.

కొత్తది రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ సాక్సు ఉండకూడదు. తనే తీసేద్దామని ఆయన వార్డుకు తిరిగి వచ్చాడు. స్టూలు ఖాళీగా ఉంది. అటు చివర కొత్త ఆయా ఎవరికో పాలు పడుతోంది.

"పెద్దామె వెళ్లిపోయిందండీ. పిల్లలందరికీ దుప్పట్లు సర్దింది, నాతో ఒక్కమాటైనా అనలేదు."

అంతలో గంట గణగణా మోగింది. వార్డంతా ఏడుపందుకుంది. కొత్త ఆయా సీసా పక్కన పెట్టి, పిలిచిన మంచం దగ్గరికి పరుగెత్తింది.

బాబాయ్ తలెత్తి చూశాడు. గంట బోసిగా ఉంది. దాని కింద, స్టూలు మీద, ఇంకా గంట గుండ్రాన్ని వదలని చిన్న సాక్సు.