నాగవ్వ చెప్పిన మాట

1979 ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఒక బ్యాలే ట్రూపు జహీరాబాదుకు వచ్చింది. పిలిపించింది భాగీరథి. ఆమె ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరు, ఊళ్లో కళాసమితికి కార్యదర్శి.

నెల ముందు ట్రూపు డైరెక్టరు అమర్నాథ్ మైదానం చూసుకోవడానికి వచ్చాడు. స్టాఫ్‌రూములో టీ తాగుతూ, మూడు ఐటములు ఉంటాయని చెప్పాడు. మొదటిది కథేమీ లేని కొత్త తరహా నాట్యం. చివరిది పంటకోతల ఆట. మధ్యలోది కరువు మీద.

"అదే ఇంకా కుదరలేదు టీచర్ గారూ. మీ వైపు కరువు గట్టిగా వచ్చిందటగా?"

భాగీరథి డెబ్బై రెండు నాటి సంగతులు చెప్పింది. ఎండిన బావులు, గంజి కేంద్రాలు, అమ్ముకున్న ఎడ్లు. అమర్నాథ్ మర్యాదకు తల ఊపుతున్నాడు గానీ కళ్లు కిటికీ బయట ఉన్నాయి. అది ఆమెకు చిన్నతనంగా తోచింది. అప్పుడు నాగవ్వ సంగతి చెప్పేసింది.

ఝరాసంగంలో పనిచేసిన నాలుగేళ్లూ భాగీరథి నాగవ్వ పక్కింట్లోనే అద్దెకుంది. ఒక మధ్యాహ్నం కందులు చెరుగుతూ చెరుగుతూ నాగవ్వ చేట ఆపింది. కరువు పనికి రాయికోడ్ రోడ్డు మీద కంకర కొట్టడానికి పోయిన రోజు గురించి చెప్పింది. ఏడాదిన్నర కొడుకును తుమ్మచెట్టుకు ఎర్రంచు చీరతో ఊయల కట్టి పడుకోబెట్టింది. పొద్దున్నించీ ఒళ్లు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం చూస్తే కాలిపోతోంది. ఇప్పుడు పోతే హాజరు కొట్టేస్తానన్నాడు మేస్త్రీ. నాగవ్వ మళ్లీ వెళ్లి సుత్తి పట్టుకుంది. సాయంత్రానికి పిల్లవాడు లేడు. పెనిమిటి సంగయ్య అప్పుడు షోలాపూరులో కూలికి ఉన్నాడు. తిరిగొచ్చాక, ఫిట్లొచ్చి పోయాడని చెప్పింది. అతను అదే నమ్మాడు.

ఇదంతా వింటున్నంతసేపూ అమర్నాథ్ కప్పు కింద పెట్టలేదు. చివర్లో, "మీరు కథ చెప్పే తీరు గొప్పగా ఉంది," అన్నాడు. ఆ మాటకు భాగీరథి మనసు ఉప్పొంగింది. పేరు చెప్పలేదు కదా అని సమాధానపడింది.

ప్రదర్శన నాడు ఆమె నాగవ్వనూ సంగయ్యనూ కూడా రమ్మంది. పట్నం ఆట ఎన్నడూ చూడలేదని ముందు వరుస జంపఖానా మీద కూర్చోబెట్టింది. ఝరాసంగం నుంచి ఇంకో పదిమంది వచ్చారు.

మొదటి ఐటం జనానికి అర్థం కాలేదు. డప్పు చప్పుడు తప్ప పాట లేదు. వెనక నుంచి ఈలలు పడ్డాయి. రెండోది మొదలవగానే మైకులో ఒక గొంతు, "రాయికోడ్ రోడ్డు, కరువు పని," అంది. తెర లేచింది. చెట్టుకొమ్మకు ఎర్రంచు ఊయల వేలాడుతోంది.

ఊళ్లూ గుర్తులూ ఏవీ మార్చలేదు. నాట్యకత్తె ఊయలలోకి వంగి చూసింది, అదిరిపడింది, మేస్త్రీ వైపు తిరిగింది, మెల్లగా వెనక్కి నడిచి సుత్తి ఎత్తింది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఝరాసంగం వాళ్లు ఒక్కొక్కరే మెడ తిప్పి నాగవ్వను చూడసాగారు. కంకర పనికి వాళ్లూ వెళ్లినవాళ్లే. సంగయ్య వాళ్ల మొహాలు చూశాడు, తర్వాత భార్య మొహం చూశాడు. నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని లేచి, కూర్చున్నవాళ్ల మధ్యనుంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయింది. కాసేపటికి సంగయ్య కూడా లేచి బయటికి నడిచాడు.

చప్పట్లు ఆగలేదు. "ఈ ఘట్టం మనకిచ్చింది మీ భాగీరథి టీచరుగారే," అంటూ అమర్నాథ్ ఆమెను వేదిక మీదికి పిలిచాడు. ఆమె వెళ్లింది. బంతిపూల దండ వేయించుకుంది. ఖాళీ అయిన ఆ రెండు చోట్లూ పైనుంచి బాగా కనిపిస్తున్నాయి.

ఝరాసంగం పోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ముందు అమర్నాథ్‌కు ఉత్తరం రాసింది, ఆ ఘట్టం తీసేయమని. అన్నిచోట్లా దానికే పేరొస్తోందని, ఎవరి పేరూ వాడలేదు గనక బాధపడవద్దని జవాబొచ్చింది. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం బస్సెక్కింది.

సంగయ్య అరుగు మీద తాడు పేనుతున్నాడు. నాగవ్వ వాకిట్లో పిడకలు ఏరుతోంది. ఇద్దరూ పలకరించుకుని చాలా రోజులైనట్టుంది.

"నాగవ్వా, తప్పు చేసిన," అంది భాగీరథి. వాళ్ల మధ్య ఉన్న నాలుగేళ్లలో ఆ యాస ఆమెకూ వచ్చేసింది.

నాగవ్వ తల ఎత్తలేదు. "నీకు చెప్పిన టీచరమ్మా. ఊరికి చెప్పుమన్ననా? ఈయనకు చెప్పుమన్ననా? ఎప్పుడన్న నేనే చెప్తునేమో. ఇప్పుడు గా దారి గూడ లేకపాయె."

పిడకల గంప ఎత్తుకుని లోపలికి పోయింది. భాగీరథి అక్కడే నిలబడిపోయింది. సంగయ్య తాడు పక్కన పెట్టాడు.

"టీచరమ్మా, జర ఒక్క మాట. గా ఆటల డప్పులే ఇనవడ్డయి. పిలగాడు ఏడ్చిండా? నీకు చెప్పిందా అది?"

కందులు చెరిగిన ఆ మధ్యాహ్నమే నాగవ్వ అదీ చెప్పింది. పొద్దు వాలేదాకా అవ్వా, అవ్వా అని పిలిచాడని, తర్వాత ఊరుకుంటే నిద్రపోయాడనుకున్నానని చెప్పింది. ఆ మాట ఒక్కటే అమర్నాథ్‌కు చేరలేదు. భాగీరథికి నాలుక చివరిదాకా వచ్చింది. అడుగుతున్నది తండ్రి, ఆయనకు తెలుసుకునే హక్కుంది అనిపించింది. స్టాఫ్‌రూములో కూడా తనకు ఇలాంటి కారణమే ఏదో తోచిందని గుర్తొచ్చి సిగ్గుపడింది.

"నన్నడగకు సంగయ్యా. ఆమెనే అడుగు."

"అడిగితె చెప్తదా?"

"ఏమో. నేను మాత్రం చెప్పను."

లోపల గంప దించిన చప్పుడైంది. నాగవ్వ బయటికి వచ్చి, భర్తకు మూరెడు దూరంలో అరుగు మీద కూర్చుంది. చేతులకంటిన పిడకల పొడి దులుపుకుంది.

"నువ్విగ పో టీచరమ్మా," అంది. గొంతులో కోపం లేదు, చనువూ లేదు.

భాగీరథి చెప్పులు వేసుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో వెనక నాగవ్వ గొంతు సన్నగా మొదలైంది. ఏమంటున్నదో చెవిన పడకూడదని ఆమె బస్సు వైపు గబగబా నడిచింది.