చుక్కల గీత

ఓటర్ల జాబితా పట్టుకుని టీచరుగారు షెడ్డులోకి వచ్చేసరికి కాజాలక్క ఆ రోజుకు నాలుగు వందల పదో కాజా కొడుతోంది. తొమ్మిది వందలు పూర్తయితేనే పూర్తి కూలి. ఫ్యాన్లు నిన్నటి నుంచీ తిరగడం లేదు. బాగుచేసేవాడు రేపు వస్తాడని యజమాని నిన్న చెప్పాడు. ఇవాళా అదే చెప్పాడు. మాట మార్చే మనిషి కాదు.

ఆ చొక్కాల షెడ్డులో ఎనభైమంది ఆడవాళ్ళకు కన్నవాళ్ళు పెట్టిన పేర్లు హాజరు పుస్తకంలోనే మిగిలిపోయాయి. చొక్కాలో ఎవరు ఏ భాగం కుడితే వాళ్ళకు ఆ పేరే. బొత్తాలకు కాజాలు కొట్టే ఆవిడ కాజాలక్క. ఆమె సొంత చెల్లెలు కాలరమ్మ. జేబులు కుట్టే పెద్దావిడ జేబు పిన్ని. ఆవిడ జేబులో ఎప్పుడూ ఏమీ ఉండదన్నది షెడ్డులో బాగా అరిగిపోయిన జోకు.

ఎన్నికల పని మీద బడి నుంచి పంపిస్తే వచ్చిన టీచరుగారు మిషన్ల మధ్య ఒదిగి నడుస్తూ ఒక్కొక్కరి పేరూ సరిచూసుకుంటోంది. కాజాలక్క పేరు దగ్గర టిక్కు పెట్టింది. పక్క మిషను మీదున్న కాలరమ్మ పేరు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"మీ ఇల్లు వీధికి ఎటువైపమ్మా? కుడా, ఎడమా?"

"ఎడమండీ, షెడ్డు వైపు. అక్కది ఎదురిల్లు."

"అదీ సంగతి. మీది దక్షిణం లిస్టులో ఉంటుంది. నా దగ్గరున్నది ఉత్తరం."

"దక్షిణమేంటండీ? వీధి ఒకటేగా!"

"వీధి ఒకటేనమ్మా, ఇప్పుడది రెండు నియోజకవర్గాల్లో పడింది. కొత్త గీత మీ వీధి మధ్యలోంచి పోయింది. నాలుగు నెలల కింద వార్డు ఆఫీసు గోడకి మ్యాపు అంటించారు కదా? అభ్యంతరాలకి పదిహేను రోజులు టైమిచ్చారు. ఈ వీధి నుంచి ఒక్కటీ రాలేదుట."

మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. అందరూ కాజాలక్క వైపే చూశారు.

"మ్యాపు చూశామండీ," అంది కాజాలక్క. "మా వీధిలో ఉన్నది చుక్కల గీత."

"అవునమ్మా. సరిహద్దంటే చుక్కల గీతే."

షెడ్డులో అలా కాదు. సుద్దతో నిండుగా గీసిన గీత మీద కత్తెర పడుతుంది. చుక్కల గీత అంటే మడత. గుడ్డ అక్కడ వంగుతుందే గాని తెగదు. చాలామందికి తమ పేరు రాయడం కన్నా ముందు వచ్చిన చదువు ఇది.

అభ్యంతరాలకు ఆఖరి రోజున నలభైమంది కాజాలక్క వెంట ఆ మ్యాపు ముందు నిలబడ్డారు. కాలరమ్మ ఎవరిచేతో అర్జీ కూడా రాయించి తెచ్చింది. "ఎందుకైనా మంచిది, అందరం సంతకాలు పెట్టి ఇచ్చేద్దామే," అంది. కాజాలక్క కాగితానికి ముక్కు ఆనించినంత పని చేసి చూసింది. "చుక్కలేనే పిచ్చిదానా. మడత, కోత కాదు. మనల్నెవరూ విడదియ్యట్లేదు," అంది. అర్జీ మడిచి జాకెట్లో పెట్టుకుంది. మాస్టారు అప్పుడు అక్కడే ఉన్నాడు. "అక్క చెప్పాక ఇంకేముంది!" అని నవ్వి, అందరికీ టీ ఇప్పించాడు.

మాస్టారంటే వాళ్ళ ఎమ్మెల్యే. అంతకుముందు అదే షెడ్డులో కటింగ్ మాస్టరు. ఏ గీత దేనికో ఆ ఆడవాళ్ళలో సగం మందికి నేర్పింది అతనే.

ఆరేళ్ళ కింద ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి షెడ్డంతా పొగ కమ్మింది. ముందు ద్వారం దగ్గర తొక్కిసలాట. వెనక తలుపుకి తాళం. తలుపు తీసి ఉంచితే గుడ్డ దొంగలు పడతారని యజమాని భయం. ఆ రోజు మాస్టారు బల్ల కాలు ఊడబీకి తాళం పగలగొట్టాడు. కాలరమ్మను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. ఆమె బతికింది గాని, ఆ పొగ ఊపిరితిత్తుల్లోంచి పూర్తిగా పోలేదు. పది మెట్లు ఎక్కాలంటే రెండుసార్లు ఆగుతుంది.

మరుసటి ఏడు ఎన్నికలొస్తే ఆడవాళ్ళే అతన్ని నిలబెట్టారు. నామినేషను కాగితం మీద ప్రతిపాదించే వాళ్ళలో మొదటి సంతకం కాజాలక్కది. గెలిచింది రెండు వందల పదకొండు ఓట్ల తేడాతో. వాళ్ళ ఒక్క వీధిలోనే అతనికి ఆరు వందల పైచిలుకు ఓట్లు పడ్డాయి. వాళ్ళు అడిగింది ఒకటే: పనివేళల్లో వెనక తలుపుకి తాళం ఉండకూడదు. ఐదేళ్ళలో ఆ తలుపు విషయంలో కొంత మార్పు వచ్చిన మాట నిజమే. పాత తాళం పోయి పెద్ద తాళం వచ్చింది.

టీచరుగారు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గీత గీసిన కమిటీలో మీ ఎమ్మెల్యేగారూ సభ్యుడేనమ్మా. కింద ఆయన సంతకం నేనే చూశాను."

దక్షిణం ఎమ్మెల్యే ఎవరో ఎవరూ అడగక్కర్లేదు. షెడ్డు యజమాని బావమరిది. షెడ్డూ, షెడ్డు వైపున్న మూడు వందల ఓట్లూ ఇప్పుడు ఆయన వాటా. తలుపు గొడవ మాస్టారి నెత్తి మీంచి దిగిపోయింది. ఇకమీదట తలుపు తియ్యమని అడగాలంటే తాళం వేసినవాళ్ళ ఇంటికే వెళ్ళి అడగాలి.

కాలరమ్మ దారం ఎక్కించుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజూ, ఆ తర్వాత మూడు రోజులూ అక్కతో ఒక్క మాటా మాట్లాడలేదు. మధ్యాహ్నం డబ్బా కూడా వేరే వరసలో కూర్చుని తింది.

ఆదివారం పొద్దున మాస్టారు కాజాలక్క ఇంటికి వచ్చాడు. కారు సందు మొదట్లోనే ఆపి నడిచొచ్చాడు. మనవాడన్న పేరు నిలుపుకోవడానికి ఆ మాత్రం నడక తప్పదు. అత్తగారు స్టూలు వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

"అక్కా, రేపే నామినేషను. మొదటి సంతకం నీదే. పోయినసారి నీ చెయ్యి కలిసొచ్చింది."

"ఎవరికి?"

వంటింట్లో అత్తగారు దగ్గింది.

"కోపంగా ఉన్నావని తెలుసు. ఆ గీత కమిటీ గీసింది అక్కా. పదిమంది కూర్చున్న చోట నేనొక్కణ్ణి ఏం చెయ్యగలను?"

"తాళం పగలగొట్టిన రోజూ ఒక్కడివేగా?"

"అప్పుడు నేను కటింగ్ మాస్టర్ని."

"ఇప్పుడూ ఆ పని మానలేదులే."

అతను నవ్వబోయి ఆగాడు. కాజాలక్క చీర కొంగుతో ఇంట్లో ఉన్న కుట్టుమిషను మీద దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు తమ్ముడూ. ఆ రోజు మ్యాపు ముందు నిలబడి మడతే, కోత కాదు అని నలభైమందికీ చెప్పాను. అప్పుడు నీకు తెలుసా?"

మాస్టారు చేతిలో కాగితాన్ని సవరించుకున్నాడు.

"నువ్వంత గట్టిగా చెప్తుంటే... అందరి ముందూ పెద్దదానివి, నీ మాట తీసెయ్యడం ఎందుకని..."

"నా గౌరవం కాపాడావన్నమాట."

"అంతే కదక్కా!" అన్నాడతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. వెటకారం అందనంత ఎత్తుకి ఎదిగిపోయాడు.

ఆ తర్వాత కాస్త ముందుకు జరిగి, గొంతు మెత్తగా చేసుకున్నాడు. "చెల్లి గురించి నాకు బెంగ లేదనుకున్నావా? ఈసారి గెలవనీ. మెట్లెక్కే పని లేని చోట, గాలి తగిలే చోట ఉద్యోగం వేయిస్తాను. ఆ షెడ్డులో ఎందుకు మగ్గాలి? మాటిస్తున్నాను."

కాజాలక్క చేతులు కదలడం మానేశాయి. మెట్ల మధ్యలో గోడ పట్టుకుని నిలబడే చెల్లెలు కళ్ళ ముందు కనిపించింది. అతను పెన్ను మూత తీసి, సంతకం పెట్టాల్సిన చోట వేలు ఆనించి కాగితం ఆమె ముందు పరిచాడు.

"మరి మిగతా డెబ్భై తొమ్మిది మంది?"

"అందరికీ ఒకేసారి అంటే ఎలా అక్కా?"

ఆమె పెన్ను తీసుకుంది. కాసేపు చేతిలో ఉంచుకుంది. మూత పెట్టి అతని జేబులో గుచ్చింది.

"పెట్టను."

"అక్కా..."

"పెట్టను తమ్ముడూ."

పుట్టింట్లో, అత్తింట్లో, షెడ్డులో ఇన్నేళ్ళలో ఎవరితోనూ ఆ మాట అనలేదు. అంత చిన్న మాట నోట్లో ఇంతకాలం ఎక్కడ దాక్కుందో ఆమెకే అర్థం కాలేదు.

లేవబోతున్న మాస్టారి చేతికి అత్తగారు గ్లాసు అందించింది. "టీ తాగి వెళ్ళు నాయనా. భయపడకు, కమిటీ పెట్టింది కాదు, నేను పెట్టిందే."

అతను తాగలేదు. పక్కింటి జేబు పిన్ని దగ్గరికి వెళ్ళాడు. పిన్నికి వేలిముద్ర వేసే వేలికే సూది గుచ్చుకుందిట. కట్టు కట్టుకునుంది. ఆ పక్కింట్లో మనిషి ఉన్నట్టు వంట వాసన వస్తోంది గాని తలుపు తీయలేదు. అయినా ఉత్తరంలో సంతకాలకేం కరువు? సాయంత్రంలోగా ఎవరో ఒకరు పెట్టే ఉంటారు. కారు వెళ్ళిపోయింది.

కాజాలక్క వీధి దాటింది. ఎన్నో ఏళ్ళుగా రోజుకు పదిసార్లు దాటే వీధే. ఆ రోజు మధ్యకొచ్చేసరికి గీత కోసమన్నట్టు నేల వైపు చూసింది. కాలరమ్మ గడప మీద కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఎదురింట్లో జరిగిందంతా అక్కణ్ణుంచి కనిపించే ఉంటుంది.

"సంతకం పెట్టలేదే," అంది కాజాలక్క.

కాలరమ్మ జుట్టు చిక్కు తీసుకుంటూనే ఉంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"పెట్టకపోవడం నీకు కొత్తేం కాదులే. ఆ రోజు అర్జీ మీద పెట్టావా?"

కాజాలక్క అక్కడే నిలబడింది. కాలరమ్మ లేచి లోపలికి పోలేదు. జరిగి చోటూ ఇవ్వలేదు.