చుక్క పక్కన గీత

నేను ఒక గోడ క్యాలెండరును. పన్నెండు కాగితాలు, పైన ఒక రేకు పట్టీ, వేలాడదీయడానికి చిన్న కన్నం. ఏడాది తేదీలన్నీ ఒంటి మీద మోస్తాను గానీ, వాటిలో ఏ రోజున ఏం జరుగుతుందో నాకు తెలియదు. మీకూ తెలియదు. కాకపోతే మీరు నన్ను చూసి ఏదో తెలిసినట్టు ధైర్యం తెచ్చుకుంటారు.

శివకాశిలో అచ్చయ్యాక నన్ను గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. ఆ చుట్ట ఇప్పటికీ నన్ను వదల్లేదు. చీరాల పక్కన ఒక సాలెల వీధిలో, నూలు కొట్టువాడు ఊరికే ఇస్తే, కోటిలింగం నన్ను ఇంటికి తెచ్చి వసారాలో మేకుకు తగిలించాడు. కాస్త గాలి వస్తే చాలు, మళ్లీ చుట్టుకుపోవాలని నా అంచులు లేస్తాయి. నిలకడ నా పుట్టుకలోనే లేదు.

నా వెనక గోడలో చిన్న గూడు ఉంది. అందులో ముక్కుపొడి డబ్బా ఉంది. అది కోటిలింగం భార్య భద్రావతిది. ఎవరూ లేనప్పుడు నన్ను పక్కకు జరిపి, చిటికెడు తీసి చిగుళ్లకు రాసుకునేది. పదహారేళ్లుగా మొగుడికి తెలియని సంగతి. నేను గోడకు ఉన్నది తేదీల కోసమని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఆమెకు మాత్రం నేనొక తలుపు.

భద్రావతికి ముప్పై తొమ్మిదేళ్లు. పెరట్లో రంగు పొయ్యి దగ్గర నిలబడి, మరిగే నీళ్లలో నూలు ముంచి తీయడం ఆమె పని. గోళ్లలో నీలం ఎన్ని సబ్బులకూ పోదు. నెలనెలా బయట చేరగానే వచ్చి, ఆ నీలం వేలితో నా మీద ఒక చుక్క పెట్టేది. ఆ మూడు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు, దీపం ముట్టకూడదు. రంగు పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లొచ్చు. దేవుడికి వచ్చిన మైల పనికి ఎందుకు రాలేదో ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు.

మార్చి నుంచి చుక్క పక్కన ఒక గీత కూడా మొదలైంది. దొడ్లోకి వెళ్లొచ్చి, గోడకు చెయ్యి ఆనించి, పళ్లు బిగించి బొటనవేలి గోటితో గీసేది. మూత్రంలో మంట, నెత్తురు. గీత ఎంత లోతుగా దిగితే బాధ అంత ఉన్నట్టు.

"వదినా, డాక్టరుకి చూపించుకోవాలి" అంది ఒకనాడు. వదినంటే కోటిలింగం అక్క రాఘవమ్మ. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది.

"ముట్టులో పోయి శీసాలో పోసి ఇస్తావా? వాళ్లేమనుకుంటారే! తలస్నానం చేసి పో. ఈలోగా బార్లీ నీళ్లు తాగు. వేడి చేసిందంతే."

తలస్నానం అయ్యేసరికి మంట తగ్గేది. పరీక్షలో మూత్రం శుభ్రంగా ఉందని వచ్చేది. అయినా ఊళ్లో డాక్టరు మాత్రలు రాసిచ్చేవాడు. "చూసినావా, మందు పట్టింది" అనేవాడు కోటిలింగం. నాలుగు రోజులకు దానంతటదే పోయే బాధకు, ఆరు నెలలు ఆ మాత్రలే పేరు కొట్టేశాయి.

సెప్టెంబరులో గీతలు మరీ లోతయ్యాయి. ఒంగోలు తీసుకెళ్లి స్కాన్ తీయించారు. మూత్రసంచి వెనక గోడకు చింతగింజంత మచ్చ ఉందట. ఆ సాయంత్రం ముగ్గురూ నా కింద కూర్చుని, అక్కడి డాక్టరు హైమ చెప్పిన మాటల్నే తిరగేసి మరగేసి చెప్పుకున్నారు. పాత ఇన్ఫెక్షన్ ముదిరి ఉండొచ్చు. రాయి ఒరుసుకుని ఉండొచ్చు. ఊరికే పెరిగిన కండ కావచ్చు. క్యాన్సరూ కావచ్చు. లోపల కెమెరా పెట్టి, చిన్న ముక్క తీసి చూస్తేగానీ తేలదు. అందుకు అక్టోబరు పదిహేడున రమ్మంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగా లేదు. మనుషులు కారణం వెతికే తీరు చాలా చిత్రం. మచ్చ ఆమె లోపల ఉంటే, ఎవరి లోపల వాళ్లు వెతుక్కున్నారు. రంగుల్లో ఎన్నేళ్లుగా పనిచేస్తోందని డాక్టరు అడిగిందని, కోటిలింగం మర్నాడే పొయ్యిలో నీళ్లు పోశాడు. "ఆ కంపులో నిన్ను నిలబెట్టింది నేనే" అన్నాడు గోడవైపు చూస్తూ, అంటే నావైపు. రాఘవమ్మకు పోయినేడాది పెళ్లి బస్సు గుర్తొచ్చింది. "ఒంటేలుకు బస్సు ఆపమంటా అన్నావు. మొగోళ్లున్నారు, ఊరు దాకా ఓర్చుకోమన్నాను. నా నోరు పడిపోను!" అని ముక్కు చీదింది.

భద్రావతికి గూట్లో డబ్బా గుర్తొచ్చింది. పొగాకు అలవాటుందా అని డాక్టరు అడిగినప్పుడు, పక్కన మొగుడున్నాడని లేదని చెప్పింది. ఆ అబద్ధమే లోపల మచ్చయి పెరుగుతోందని ఆమె నమ్మకం. నన్ను జరపడం, డబ్బా ముట్టడం, మళ్లీ జారవిడవడం. రోజుకు ఇరవైసార్లు. నా కన్నం చిరిగి పెద్దదైంది.

పదిహేడు దగ్గరపడింది. ఆమె చుక్కలు లెక్కపెట్టుకుంది. సరిగ్గా బయటుండే రోజులు. అలాంటప్పుడు ఆసుపత్రి బల్ల ఎలా ఎక్కడం? తేదీ మార్పించుకోవాలని, చెప్తే నమ్మరని, సాక్ష్యానికి నన్నే మేకు నుంచి తీసింది. తీశాక గుర్తొచ్చింది, వెనక గూడుందని.

కోటిలింగం అప్పటికే అక్కడున్నాడు. డబ్బాను చూశాడు. ఆమెను చూశాడు. "బస్సుకు టైమయింది, రా" అన్నాడు. దారంతా నన్ను ఒళ్లో పెట్టుకుని, చుడుతూ విప్పుతూనే ఉంది. అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఆ తేదీ కుదరదండి, నేను బయటుంటాను" అంటూ నన్ను డాక్టరు బల్ల మీద పరిచింది.

హైమ నవ్వబోయి ఆగింది. "చుక్క అర్థమైంది. ఈ గీతలేంటమ్మా?"

"మంట పుట్టి, నెత్తురు పడ్డ రోజులండి."

హైమ నా కాగితాలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. అక్టోబరు నుంచి మార్చి దాకా. ప్రతి చుక్క పక్కనా గీత. చుక్క లేనిచోట గీత లేదు. "మరి శాంపిల్ ఎప్పుడిచ్చేదానివి?"

"తలస్నానం చేశాకండి."

"బాగుంది. దొంగ వెళ్లిపోయాక తలుపు తీశారు మీరు." కళ్లద్దాలు తీసి, నిదానంగా చెప్పింది. గర్భసంచి లోపలి పొరలాంటిది కొందరు ఆడవాళ్లలో మూత్రసంచి గోడకు పట్టుకుని పెరుగుతుందట. నెల వచ్చినప్పుడు అదీ ఉబ్బుతుంది, అదీ కారుతుంది. "అదే కావచ్చు అనిపిస్తోంది. ముక్క చూడకుండా మాత్రం మాటివ్వను. తేదీ మార్చను. ఆ రోజుల్లో అయితేనే బాగా కనిపిస్తుంది."

భద్రావతి లేవలేదు. "ఒక అబద్ధం చెప్పానండి" అంది. "ముక్కుపొడి వాడతాను."

"డబ్బా గూట్లో ఉందిలెండి" అన్నాడు కోటిలింగం మెల్లగా. "చూశాను. రంగు పొయ్యి కూడా ఆర్పేశానండి."

"ఈ మచ్చ దానివల్ల కాకపోవచ్చు" అంది హైమ. "అయినా మానెయ్. మీరు కూడా పొయ్యి ఆర్పేసి కూర్చోకండి, చేతులకు తొడుగులు కొనండి."

పదిహేడున ఆమె బయట ఉండగానే బల్ల ఎక్కింది. రాఘవమ్మ తోడు వెళ్లి, తలుపు దగ్గరే నిలబడింది. ముక్క పరీక్షలో చెడ్డదేమీ లేదని, డాక్టరు అనుకున్నదేనని తేలింది. నవంబరులో ఆపరేషను చేసి ఆ మచ్చను తీసేశారు.

కొత్త సంవత్సరం వచ్చింది. నన్ను తీసి పారేస్తారనుకున్నాను. కోటిలింగం కొత్త క్యాలెండరు తెచ్చి, అదే మేకుకు నా మీదే తగిలించాడు. ఇప్పుడు నాకేమీ కనిపించదు. వెనక గూడు ఖాళీ. ముందు, ఇంకా ఏమీ తెలియని పన్నెండు కాగితాలు.

జనవరిలో ఒకరోజు అడుగులు వినిపించాయి. కొత్త కాగితాల మీదుగా ఒక వేలు నాకు ఆనింది. చుక్క. నేను బిగుసుకున్నాను. ఇక గోరు దిగాలి.

ఆమె అక్కడే నిలబడింది. ఊపిరి వినిపిస్తోంది. ఆమె కూడా దానికోసమే చూస్తోందని నాకు తెలుసు. ఒకసారి దొడ్లోకి వెళ్లొచ్చింది. మళ్లీ నిలబడింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా.

గోరు దిగలేదు.