కారుకు క్యూరింగు

చిన్నరాజు మేస్త్రికి తెలిసినంతలో లోకంలో నీళ్ళు కారేవి రెండే: పైకప్పు, నీళ్ళతొట్టి. రెండింటికీ మందు ఒకటే, సిమెంటు. అందుకే తన పాత అంబాసిడర్ కింద తడి కనబడగానే ఆయన మెకానిక్కును పిలవలేదు. రేడియేటర్ అడుగున సిమెంటు మెత్తి, పైన తడిగోనె చుట్టి, పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు నీళ్ళు పోస్తూ వచ్చాడు. కొత్త గోడైనా కారైనా తడి ఆరనివ్వకూడదనేది ఆయన సిద్ధాంతం. ఆ గోనె నుంచి రోజంతా బొట్లు రాలుతుంటే, అసలు లీకు ఆగిందో లేదో చెప్పగల మనిషి వేలూరులో లేడు.

కూతురు లోకేశ్వరి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసింది. పరీక్షలో రేడియేటర్ బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకుంది గానీ, నిజం రేడియేటర్‌ను వేలితో ముట్టింది లేదు. అయినా సిమెంటు వద్దని చెప్పింది. ఆయన వినలేదు.

ఆ ఆదివారం గుడియాత్తంలో ఆయన చెల్లెలు పంకజం ఇంట్లో ఆమె కూతురు, నాలుగేళ్ళ యువరాణికి చెవులు కుట్టాలి. పిల్ల మేనమామ ఒడిలో కూర్చుంటేనే కంసాలి ఆచారి సూది పట్టుకుంటాడు. చిన్నరాజు మేనమామ. చిక్కేమిటంటే, పెదనాన్న కొడుకు దొరైస్వామి కూడా మేనమామే, పైగా ఆయనకు కొత్త మారుతి ఉంది. ఊళ్ళోకి కొత్త కార్లూ కేబుల్ టీవీలూ వచ్చాక దొరైస్వామి నడకే మారిపోయింది. నీ బండి పళ్ళికొండ దాటదు, ఆ పిల్లకు నా ఒళ్ళే గతి అని పదిమందిలో అన్నాడు. నా బండికి చుక్క లీకు లేదని అదే పదిమందిలో చిన్నరాజు జవాబిచ్చాడు. ఇక బస్సెక్కే మాటే లేదు.

భార్యనూ కూతురినీ ఎక్కించుకుని బయల్దేరిన బండి విరించిపురం దాటగానే ఆవిరి కక్కింది. పళ్ళికొండ చేరేసరికి ముందద్దంలో రోడ్డు కనబడడం మానేసింది. టీకొట్టు ముందు ఆపి బానెట్ ఎత్తారు. గోనె ఇడ్లీపాత్రలో గుడ్డలా ఉడుకుతోంది.

"గోనె తీసెయ్ నాయనా," అంది లోకేశ్వరి. "గాలి పోయే దారంతా మూసేసినావు. యాడ కారతాదో కనపడద్దా?"

"ఏడు దినాలు నిండలేదు మా. పచ్చి సిమెంటుకు ఎండ తగిలితే బీటలిస్తాది."

"సరి, ఈడ్నే కూర్చో. దొరైస్వామి పెదనాయన ఒళ్ళో పాప చెవులు కుట్టించుకుంటాది."

ఆ మాట పనిచేసింది. వేడి తగ్గాక ఆయన గోనె విప్పాడు. సిమెంటు మొత్తం అప్పంలా ఊడి చేతిలోకొచ్చింది. దాని వెనక రేడియేటర్‌కు చిల్లన్నదే లేదు. చిన్నరాజు ఆ పెచ్చును తిప్పి చూసి, సిమెంటు కలుపు మాత్రం బాగా కుదిరిందన్నాడు.

లోకేశ్వరి నీళ్ళు నింపించి, ఇంజిను స్టార్ట్ చేయించి, లోపలికి వంగింది. పరీక్ష బొమ్మలో గొట్టాలు రెండే, వాటికి బాణం గుర్తులు కూడా ఉంటాయి. ఇక్కడ బాణాల్లేవు. ఉన్నవి కుంకుమ బొట్లు. ఆయుధ పూజ మొన్ననే అయింది. తల్లి అంబుజం ఏ పూజా సగంలో వదిలే మనిషి కాదు. చిన్నరాజు తాపీకీ రసమట్టానికీ పెట్టినట్టే బానెట్ కింద ప్రతి గొట్టానికీ, ప్రతి క్లిప్పుకూ గంధం పూసి కుంకుమ పెట్టింది. ఇంజిను పేరంటానికి బయల్దేరినట్టుంది.

అంబుజం కూడా తల దూర్చి, తన పనితనాన్ని వరసగా చూసుకుంటూ పోయి, అడుగు గొట్టం దగ్గర ఆగింది.

"ఈడ నేను పెట్టిన బొట్టేదీ? నువ్వేనా తుడిచింది?"

తను ముట్టలేదని లోకేశ్వరి చెప్పింది. అంబుజం నమ్మలేదు. చదువుకున్న పిల్లలకు బొట్టంటే లక్ష్యం లేదని టీకొట్టాయనకు వినబడేట్టు మొదలుపెట్టింది. లోకేశ్వరి వింటూనే ఇంకాస్త వంగింది. క్లిప్పు పక్కన కుంకుమ కరిగి ఎర్రటి చారలా దిగింది. చార మొదట్లో, రబ్బరు అంచున, గోటిగాటంత చీలిక. ఇంజిను అదిరినప్పుడల్లా అది నోరు తెరిచి నీళ్ళు కక్కుతోంది.

"అమ్మా, నీ బొట్టు తుడిచింది ఇది."

"రబ్బరుకు ఎంత పొగరు చూడు," అంది అంబుజం.

ఇంజిను ఆపి, చల్లారాక క్లిప్పు వదులు చేసి గొట్టం లాగారు. బజ్జీలకు ఉల్లిపాయలు కోసే కత్తి అడిగి తీసుకుని, లోకేశ్వరి చీలిన కొసను కోసేసింది. గొట్టం కాస్త పొట్టిదైనా అందింది. మళ్ళీ తొడిగి, క్లిప్పు బిగించి, నీళ్ళు పోసి స్టార్ట్ చేస్తే చుక్క రాలలేదు. అంబుజం పర్సులోంచి భరిణె తీసి కొత్త అతుక్కు కుంకుమ పెట్టింది. గోనె పారేయడానికి చిన్నరాజుకు మనసొప్పలేదు, మంచి గోనె. వెనక సీటు నిండా సారె పళ్ళేలు ఉన్నాయి కాబట్టి ఒళ్ళో పెట్టుకుని బండి నడిపాడు.

వాళ్ళు వెళ్ళేసరికి దొరైస్వామి పీటమీద కూర్చుని ఒడి సర్దుకుంటున్నాడు. చిన్నరాజును చూసి లేవక తప్పలేదు. చిన్నరాజు గెలిచినవాడి కులాసాతో కూర్చుని, పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆచారి ఇంకా సూది ఎత్తకముందే యువరాణి కెవ్వుమంది. ఎలాగూ ఏడుస్తోంది కదా అని ఆయన రెండు చెవులూ గబగబా కుట్టేశాడు. పిల్లను దించగానే అందరి చూపూ ఒకచోటే పడింది.

"ఏం చిన్నా," అన్నాడు దొరైస్వామి, "పంచె తడిసిండాదే."

"చిన్నబిడ్డ కద అన్నా. భయానికి పోసేసింది."

యువరాణి ఏడుపు ఆపేసింది. "నేను పోయలే. మామ ముందే తడిసుండె. నేను కూచోకముందే."

ఆచారి సూది పక్కన పెట్టి చిన్నరాజు వైపు చూశాడు. సూదికి భయపడిందెవరో ఇంటిల్లిపాదీ మనసులో తేల్చుకుంటున్నారు. ఏ గోడ పడగొడితే నష్టం తక్కువో లెక్కేసేటప్పుడు నాన్న మొహం ఎలా ఉంటుందో లోకేశ్వరికి తెలుసు. ఇప్పుడు అలాగే ఉంది.

"బండి లీకన్నా," అన్నాడు చివరికి. "శానా లీకు."