ఉలవకట్టు

నేను అనుమానపు మనిషినని మా పుట్టింట్లో చిన్నప్పటినుంచీ పేరు. ఉంటే ఉండనీ. మొగుడి మూత్రంలో దొంగమందు దొరికిందని టీవీలో చూసి తెలుసుకున్న ఆడదానికి అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

మా ఆయన భీమేష్ మామూలు మనిషి కాదు. విదేశీ టీములో జీతానికి సైకిల్ పోటీలు తొక్కే మనిషి బళ్లారి మొత్తానికి ఆయనొక్కడే. సత్యనారాయణపేటలో మా వీధి మొదట్లో ఆయన ఫ్లెక్సీ ఉండేది. వార్త వచ్చిన మరుసటి రోజు ఎవరో దాని ముఖానికి పేడ కొట్టారు.

మొదట్లో ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఏ మందూ తినలేదని నా తల మీద చెయ్యి పెట్టాడు. నమ్మాను. ఆ తర్వాత ఒక ఆదివారం కురుగోడు పక్కన ఊళ్లో ఉండే అమ్మానాన్నలను చూసి వచ్చాడు. ఆ రోజునుంచి అరుపులు బంద్. ఎవరేమడిగినా నేల చూపులే. లాయరు ఫోన్ చేస్తే మిద్దెక్కి మాట్లాడేవాడు. తప్పు చేయనివాడు గొంతు తగ్గించుకుంటాడా? ఆయన సంచులు వెతికాను, బూట్లు దులిపాను, పరుపు తిరగేశాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది.

విలేకరుల బెడద పడలేక చివరికి ఇద్దరం మా అత్తగారి ఊరికే పోయాం. మామ ఆంజినప్ప అప్పటికే కొడుకుతో మాట్లాడడం మానేశాడు. ఆయనకు బండలాగుడు పందేల ఎద్దుల జత ఒకటుంది. చుట్టుపక్కల ఏ తిరునాళ్లలోనైనా మొదటి బహుమతి వాటిదే. ఆయన పరువంతా ఆ ఎద్దులూ, ఈ కొడుకూ. ఇక ఎద్దులే మిగిలాయన్నట్టు కొట్టంలోనే ఉంటున్నాడు.

ఆ ఇంట్లో తెల్లారితే పెద్ద డేగిసాలో ఉలవలు ఉడుకుతాయి. గింజలు ఎద్దులకు, వంచిన కట్టు మనుషుల చారుకు. ఎద్దులున్న ఇళ్లలో అంతే, అందులో వింతేమీ లేదు. మేం వెళ్లిన మర్నాడు పొద్దున మామ కొట్టం దూలం సందులోంచి ఒక డబ్బా తీసి, చెంచాడు తెల్లటి పొడి ఉడికే ఉలవల్లో వేయడం నా కంట పడింది. అదేమిటని అడిగాను.

“ఎద్దులకు బలం మందు మ్మా. అందరూ వేసేదే. ఉడికేటప్పుడే వేస్తే గింజకు బాగా పడ్తాది” అన్నాడు తడుముకోకుండా.

ఆయన ఎద్దులను కడగడానికి కాలువకు తోలుకుపోయాక డబ్బా దించి చూశాను. పశువుల మందు. దాని మీద ఇంగ్లీషులో ఉన్న పేరు, రోజూ టీవీలో వింటున్న పేరూ ఒకటే. లోపల అత్త హనుమమ్మ ఎప్పటిలాగే కట్టు వంచుకుంటోంది. పోటీకి ముందు భీమేష్ ఇక్కడే విశ్రాంతిగా ఉండి, ఉలవచారు గ్లాసులకు గ్లాసులు తాగాడు. నా మొగుడు దొంగ కాడన్న సంతోషంతో ఏడుపొచ్చింది.

అంతలో భీమేషే వచ్చాడు. నా చేతిలోని డబ్బా తీసుకుని, మూత బిగించి, చెయ్యి పైకి చాచి సరిగ్గా ఆ దూలం సందులోనే పెట్టాడు. ఎక్కడిదని నన్ను అడగలేదు.

“నీకు తెలుసు” అన్నాను.

ఆ ఆదివారమే చూశానన్నాడు. బయట చెబితే ఎద్దులను ఇక పందెంలోకి రానివ్వరట, ఇన్నేళ్లు గెలిచిందంతా మోసమంటారట, ఆ మాట పడి నాన్న బతకడట. అందుకని తానే మందు వాడానని ఒప్పుకోబోతున్నాడు. శిక్ష నాలుగేళ్ల నిషేధం. ఆ తర్వాత పోటీలకు పిలిచేదెవరు, తొక్కే వయసేది?

“సుమ్నే ఉండు పుష్పా, ఎవరికీ చెప్పొద్దు. రేపు సంతకం పెడితే అయిపోతాది.”

కన్నవాళ్లు అదే కట్టు తాగుతుంటే కూడా నోరెత్తని మంచితనం అదేం మంచితనమో నాకర్థం కాలేదు. ఇన్నాళ్లూ నన్ను అనుమానంతో ఉడికించినందుకు ఆయన్ను రెండు పీకాలనిపించింది.

మధ్యాహ్నం అత్త తండ్రీకొడుకులను పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. భీమేష్ చారు వద్దని మజ్జిగ పోయించుకున్నాడు. మామ కొడుకు వైపు చూడకుండా నాతో అన్నాడు. “వానికి చెప్పు మ్మా. మందు తిని గెలిచేది గూడ గెలుపేనా? నా ఎద్దులకుండే మరియాద వానికి లేకపాయె.”

భీమేష్ నా వైపు వద్దన్నట్టు చూశాడు. ఆ చూపుకే నాకు ఒళ్లు మండింది.

“మందు తినింది నీ ఎద్దులే మామా. ఆ కట్టు తాగింది నీ కొడుకు” అన్నాను.

డబ్బా మీది పేరు, టీవీలో పేరు ఒకటేనని చెప్పాను. రేపటి సంతకం సంగతీ చెప్పాను. మామ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. కొడుకు వైపు తిరిగాడు.

“ఇది నీకు ముందే తెలుసునా రా?”

“లేదు నాయనా. ఇప్పుడే ఇంటాండా.”

గొంతు తగ్గలేదు, చూపు దిగలేదు. తెలియకపోతే నేనూ నమ్మేదాన్నే. మామ మాత్రం ఆ ముఖంలోకి అలాగే చూసి, ఎంగిలి చేత్తోనే పైకి లేచాడు.

“ఆ లాయరుకు ఫోన్ కలుపు మ్మా, మందు నాదని నేనే చెప్తా. వీడు అబద్ధం చెప్తాండాడు.”